నీళ్ళు తగిలిన బండి

బయమ్మ బతికే ఉంది. ముందు ఆ మాట చెప్పేస్తే, వారం రోజులుగా ఉగ్గబట్టుకుని ఉన్నవాళ్ళకు కాస్త ఊపిరి ఆడుతుంది.

పోయినసారి మనం ఆ ముసలామెను ఆత్మకూరు దాటాక నడిరోడ్డు మీద, మిట్టమధ్యాహ్నపు ఎండలో, బిగుసుకుపోయిన కారు లోపల వదిలేసి వచ్చాం. రెండు కిడ్నీలూ పాడై, డయాలసిస్ కోసం కంబదూరు పక్క పల్లె నుంచి అనంతపురం ఆసుపత్రికి తిరుగుతున్న మనిషి. బండి వీరేష్‌ది. ఉన్నట్టుండి ఆగిపోయిందని బానెట్ ఎత్తి చూడడానికి అతను కిందికి దిగాడు. దిగి తలుపు వేశాడో లేదో నాలుగు తలుపుల లాకులూ టక్కుమని పడిపోయాయి. తాళం చెవి లోపల, బయమ్మ లోపల, వీరేష్ బయట.

తర్వాత జరిగింది చెబితే ఇంతేనా అంటారు. వీరేష్ అరచేతులతో అద్దాన్ని బాదుతూ ఉండగానే, తలుపులు ఎట్లా పడ్డాయో అట్లాగే వాటంతట అవి తెరుచుకున్నాయి. ఎవరూ ఏమీ చేయలేదు. అదే వీరేష్‌ను ఎక్కువ భయపెట్టింది. ఎందుకు పడ్డాయో తెలియదు, ఎందుకు తెరుచుకున్నాయో తెలియదు. బయమ్మ వాంతి చేసుకుని, సీటు మీద పక్కకు ఒరిగిపోయి ఉంది. దారిన పోయే జీపునొకదాన్ని ఆపి ఆసుపత్రికి చేర్చేసరికి ఆమె డయాలసిస్ వంతు కాస్తా దాటిపోయింది. సెలైన్ ఎక్కించి పంపించి, గురువారం మాత్రం తప్పక రావాలని, ఆ వంతు కూడా పోతే తమ చేతుల్లో ఏమీ ఉండదని అక్కడివాళ్ళు గట్టిగా చెప్పారు. బండిని అదే ఊరి ఎర్రన్న తన ట్రాక్టరుకు కట్టి ఊరికి లాక్కొచ్చాడు.

కాబట్టి కథ ఇప్పుడు గురువారం మీద ఆగి ఉంది. అయితే అంతకు ముందు బుధవారం పొద్దున ఒక చిన్న పని జరిగింది. అది చెప్పకుండా ముందుకు పోలేం.

వీరేష్ భార్య మల్లీశ్వరి బండి కడగడానికి కూర్చుంది. కడగడమంటే మన వైపు కడగడమే, అర బకెట్ నీళ్ళు, ఒక పాత చీర ముక్క. బయమ్మ కక్కింది సీటు మీదా, సీటు పక్కన వేలాడే బెల్టు మీదా పడి ఎండిపోయి ఉంది. సీటు తుడిచింది. బెల్టు తుడుస్తూ కొంచెం బయటికి లాగింది. అక్కడా మరక కనబడితే ఇంకొంచెం లాగింది. ఆ బెల్టును అంత పొడుగు లాగినవాళ్ళు అప్పటిదాకా ఎవరూ లేరు. అనంతపురంలో పోలీసులు కనబడినప్పుడు డ్రైవర్ వేసుకుంటాడేమో గానీ, వెనక సీట్లో బెల్టు వేసుకునేవాళ్ళు మన తాలూకాలోనే ఉండరు. చివరి మూర వచ్చేసరికి బెల్టు నల్లగా లేదు. మట్టి రంగులో ఉంది. ఎక్కడ మట్టి రంగు మొదలైందో అక్కడ ఒక గీత, చేత్తో గీసినంత తేటగా ఉంది.

"ఏమయ్యా, ఈడికి రా," అని పిలిచింది మల్లీశ్వరి. "ఈ మరక బయమ్మత్తది గాదు."

వీరేష్ వచ్చి చూశాడు. కాళ్ళ కింద పరిచిన చాప తీశాడు, దాని కింద అతికించి ఉన్న గుడ్డను గోళ్ళతో పట్టి పీకాడు. లోపల మన్ను. పెచ్చులు పెచ్చులుగా ఎండిపోయి, పట్టుకుంటే వేళ్ళ మధ్య పౌడరులా రాలిపోయే బూడిద రంగు మన్ను. ఇరవై ఏళ్ళు చేను దున్నినవాడికి మన్ను గురించి ఒకరు చెప్పనక్కర్లేదు. వాళ్ళది ఎర్ర నేల, గరుకు నేల, పట్టుకుంటే అరచేతిని గీరుతుంది.

"ఇది మన మన్ను గాదే," అన్నాడు. "ఇది నీళ్ళు తెచ్చి పెట్టిన మన్ను."

మల్లీశ్వరి వంగి వాసన చూసింది. చూసి భర్త ముఖంలోకి చూసింది. ఆ వాసన ఇద్దరికీ తెలుసు. బండి కొన్న రోజు ఊళ్ళోకి తెచ్చి, గుమ్మడికాయ కొట్టి, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించి, అందరూ ఎక్కి కూర్చున్నాక వీరేష్ గర్వంగా ఏసీ వేశాడు. చల్లగాలితో పాటు ఒక వాసన వచ్చింది. తొలకరి పడ్డప్పుడు నేల నుంచి లేచే వాసన. ఇంకో ఊరివాళ్ళయితే ముక్కు మూసుకుని, ఇదేం వాసన బాబూ అని దిగిపోయేవాళ్ళు. మనవాళ్ళు ఛాతీ నిండా పీల్చుకున్నారు. బండి ఎక్కితే వాన వాసన వస్తోందని మల్లీశ్వరే నాలుగిళ్ళ వాళ్ళకు చెప్పుకుంది. పిల్లలు ఊరికే పోయి లోపల కూర్చునేవాళ్ళు.

నవ్వకండి. వాన ముఖం చూడని నేల మీద, బండి నీళ్ళలో మునిగి చెడిపోయి ఉంటుందని ఎవరికి తడుతుంది? వీరేష్ కొనేటప్పుడు చూడాల్సినవన్నీ చూశాడు. టైర్లు చూశాడు, ఇంజన్ మోత విన్నాడు, కిందికి దూరి ఆయిల్ కారుతోందేమో చూశాడు. రేడియేటర్ మూత తీసి నీళ్ళు సరిపడా ఉన్నాయా అని కూడా చూశాడు. ఈ దేశంలో ఏది చూసినా నీళ్ళు చాలాయా అనే చూస్తారు గానీ, ఎక్కువయ్యాయా అని చూసే అలవాటు ఎవరికీ లేదు.

మూడేళ్ళు వరసగా చెనిక్కాయ పంట పోయింది. ఇంటి ముందు కట్టేసిన పాడి ఎనుములు పోయాయి. ఉన్న బోరు మోటారు కూడా పీకి అమ్మేసి, ఇక చేను మీద ఆశ పెట్టుకోను, రోగుల్ని ఆసుపత్రికి తిప్పుకుని బతుకుతానని తెచ్చుకున్న బండి అది. అందులో కూర్చున్నవాళ్ళు క్షేమంగా దిగుతారన్న నమ్మకం ఒక్కటే దాని పెట్టుబడి. ఆ నమ్మకం పోతే అది వాకిట్లో పడి ఉండే రేకు. వీరేష్ ఆ మన్ను గుప్పెడు తీసి ప్లాస్టిక్ కవర్లో పోసి ముడి వేశాడు. కోపం రావాల్సిన చోట అతనికి అలసట వచ్చింది. కొంతకాలంగా అతనికి ఏది వచ్చినా ముందు అలసటే వస్తోంది.

తండ్రి నరసింహులు అప్పటికే గొర్రెలు తోలుకుని పోయాడు. సాయంత్రం ఆయన తిరిగొచ్చాక కూడా వీరేష్ ఆ మన్ను సంగతి చెప్పలేదు. బండిని ఎవరూ ముట్టుకోవద్దని మాత్రం ఇంట్లో అందరికీ వినబడేలా అన్నాడు. బయమ్మ కోడలు సుష్మ దగ్గరికి పోయి, గురువారానికి కళ్యాణదుర్గం నుంచి జీపు మాట్లాడుకొమ్మని చెప్పి వచ్చాడు. మరుసటి రోజు మొదటి బస్సుకే గార్లదిన్నె బయలుదేరాడు. బండి అమ్మిన ఈశ్వరి ఉండేది అక్కడే.

కంబదూరులో ఒక బస్సు, కళ్యాణదుర్గంలో ఒకటి, అనంతపురంలో ఇంకొకటి. దారంతా వీరేష్ ఆమెను మనసులో తిడుతూనే ఉన్నాడు. ఏం అడగాలో, ఆమె ఏమంటే తాను ఏమనాలో అన్నీ సిద్ధం చేసుకున్నాడు. మొగుడు పోయిన మనిషి కదా, గీచి గీచి బేరమాడితే బాగుండదని చెప్పిన ధరకు మారుమాట్లాడకుండా ఇచ్చాడు. ఆ మర్యాదకు ఆమె చేసింది ఇదా? గార్లదిన్నె దగ్గర పడేసరికి రోడ్డు పక్కన వరిమళ్ళు, కాలవలో పారుతున్న నీళ్ళు కనబడ్డాయి. నీళ్ళను చూస్తే ఒంటికి హాయిగా ఉండాలి. ఆ రోజు వీరేష్ తల తిప్పుకున్నాడు.

ఈశ్వరి వసారాలో మిషను ముందు కూర్చుని జాకెట్ కుడుతోంది. ముప్పై అయిదేళ్ళు ఉంటాయి. నులక మంచం మీద ఆమె అత్త మారెక్క గోడకేసి తిరిగి పడుకుని ఉంది. వీరేష్‌ను చూడగానే ఈశ్వరి లేచి, "రాన్నా, కూచో," అని కుర్చీ వేసి, లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చింది.

వీరేష్ చెంబు అందుకోలేదు. ఎండన పడి వచ్చినవాడు నీళ్ళు వద్దనడం మన వైపు చిన్న సంగతి కాదు. ఈశ్వరికి ఆ సంగతి అర్థమై చెంబు కింద పెట్టింది. అతను జేబులోంచి కవరు తీసి, ముడి విప్పి, మిషను బల్ల మీద కుడుతున్న గుడ్డ పక్కన పెట్టాడు.

"ఇది యాడ మన్నో చెప్పమ్మా."

ఈశ్వరి చూసింది. ఇదేంది అని అడగలేదు. అడగకపోవడంతోనే వీరేష్‌కు సగం జవాబు దొరికిపోయింది.

"బెంగుళూరు మన్ను," అంది.

"తెలిసే అమ్మినావు గదా?"

"తెలిసే అమ్మినా."

"ఒక్క మాట చెప్పేదానికి నోరు రాలేదా నీకు? మేమేమన్నా పరాయి దేశమోళ్ళమా? మొగుడు పోయిన బిడ్డ అని నేను ఎదురు మాట గూడా మాట్లాడలేదే. మోసం చేసేదానికి నేనే దొరికినానా?"

సిద్ధం చేసుకున్న మాటలన్నీ ఆ ఒక్క ఊపులో అయిపోయాయి. బస్సులో అవి ఎంత పెద్దగా వినిపించాయో, ఇక్కడ ఆ వసారాలో అంత చిన్నగా వినిపించాయి. ఈశ్వరి ఏడవలేదు, కోప్పడలేదు.

"నేను చెప్పినానన్నా," అంది.

"ఎవరికి చెప్పినావు?"

"మీ నాయనకు."

వీరేష్‌కు మొదట నవ్వొచ్చింది. అంత పచ్చి అబద్ధం ఎదురుగా నిలబడి చెబుతుంటే నవ్వక ఏం చేస్తాడు?

"మా నాయనకా? ఎప్పుడు?"

"నువ్వు మా మరిదితో బండి తిప్పి సూసేదానికి మెయిన్ రోడ్డుకు పోతివి గదా, అప్పుడు. ఈన్నే కూచోని ఉండె, ఆ గోడ కానుకోని. నాకు కడుపులో పెట్టుకుంటే నిద్ర పట్టదన్నా. అమ్మేదేందో చెప్పి అమ్మితే బాగుంటాదని చెప్పినా. ఈ బండి బెంగుళూర్లో సెల్లార్లో నీళ్ళలో మునిగింది, మూడు దినాలు నీళ్ళల్లోనే ఉండె, బాగు చేపిచ్చినాము గానీ నీళ్ళు తగిలిన బండి తాతా, నీ కొడుక్కు చెప్పు అన్నా."

"మా నాయన ఏమన్నాడు?"

ఈశ్వరి అత్త వైపు చూసింది. మంచం మీది నుంచి మారెక్క ఇటు తిరగకుండానే జవాబు చెప్పింది.

"నవ్వినాడప్పా మీ నాయన. నీళ్ళు తగిలితే చెడేదేముందమ్మా, నీళ్ళు లేకనే గదా మేము చెడిపోయింది అన్నాడు. నీళ్ళు సూసిన బండి మా ఊరికి వస్తాందంటే మంచిదే అన్నాడు."

వీరేష్‌కు ఇక నవ్వు రాలేదు. ఎందుకంటే ఆ మాటలు ఇంకెవరివీ కావు. ఎన్ని వేల మందిలో ఉన్నా ఆ మాటలు తన తండ్రివేనని పోల్చుకోగలడు. బోరు వేసిన ప్రతిసారీ పొడి దుమ్ము లేవడం చూసిన మనిషి, మబ్బు పడితే పనులన్నీ మానుకుని మిద్దె ఎక్కే మనిషి. నరసింహులు దాచలేదు. మోసం చేయలేదు. దాచాల్సినంత లోపం అందులో ఉందని ఆయనకు తోచనే లేదు. నీళ్ళలో తడిసిన వస్తువు చెడిపోతుందని చెబితే నమ్మే వయసు, నమ్మే బతుకూ ఆయనవి కావు. ఆ రోజు బండిలో వెనక్కి వస్తూ ఈ సంగతి కొడుకుతో అనడం కూడా మరిచిపోయి ఉంటాడు, లేదా ఎప్పుడో తీరికగా మంచి కబురులాగా చెబుదామనుకుని ఉంటాడు.

ఇప్పుడు ఎవరిని తిట్టాలి? ఇంత దూరం మోసుకొచ్చిన కోపాన్ని దించుకునే చోటు లేదు. వీరేష్ కుర్చీలో వెనక్కి వాలి రెండు చేతులతో ముఖం తుడుచుకున్నాడు. ఈ ముసలాయన్ని ఏమనాలి భగవంతుడా అనుకున్నాడు. ఫోను తీసి తండ్రి నంబరు దాకా పోయి, ఏమని అడగాలో తెలియక మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"సరేలేమ్మా," అన్నాడు చివరికి. "నువ్వు చెప్పినావు, ఆయప్ప విన్నాడు, నేను మునిగినా. నీ తప్పు లేదు. నాకు భయమైంది ఏందంటే, మొన్న దోవలో డోర్లు పడిపోయినాయి. లోపల ముసలామె ఉండాది. లాగినా రాలేదు, గుద్దినా రాలేదు. ఆయమ్మ అద్దంలో నుంచి నన్నే సూస్తాండాది..."

ఈశ్వరి ముఖం చూసి ఆగిపోయాడు.

"డోర్లా?" అంది ఆమె.

మారెక్క మంచం మీద ఇటు తిరిగింది. తిరిగి, మెల్లగా లేచి కూర్చుంది. డెబ్బై దాటిన మనిషి, కళ్ళు ఎండిపోయి ఉన్నాయి.

"చెప్పు ఈశ్వరీ," అంది. "అది గూడా చెప్పెయ్. ఇంగ ఎంత కాలం మోస్తావు?"

ఈశ్వరి మిషను మీద ఉన్న గుడ్డను మడత పెట్టింది. మళ్ళీ విప్పింది. మళ్ళీ మడత పెట్టింది. వీరేష్‌కు చెప్పొద్దమ్మా అని అరవాలనిపించింది. ఇంకో సంగతి తెలుసుకునే ఓపిక అతనికి ఆ పూట లేదు.

"మా ఇంటాయప్ప ఆ బండి బాడిగలకు తోలుకుంటాండె బెంగుళూర్లో," అంది ఈశ్వరి. "మేముండే బిల్డింగు కింద సెల్లార్లో పెడతాండె. ఆ దినం తెల్లారేసరికి వాన. ఎట్లాంటి వానంటే, సూస్తాండంగనే రోడ్డు కనపడకుండా పోయింది. సెల్లార్లోకి నీళ్ళు దిగతాండాయని ఎవరో అరిసినారు. బండి పోతే మనకేముందని ఉరికినాడు. నేను వద్దని చెయ్యి పట్టుకున్నా. ఇడిపిచ్చుకోని పోయినాడు."

మారెక్క చూపు మట్టి కవరు మీద నిలిచిపోయింది.

"బండి ఎక్కినాడు. స్టార్ట్ గూడా చేసినాడు. పైకి ఎక్కేదోవలోనే నీళ్ళు ఎదురొచ్చి బండి ఆగిపోయింది. డోర్లు పడిపోయినాయి. అద్దాలు దిగలే. పైన మనుషులు నిలబడి సూస్తానే ఉన్నారన్నా. ఎవురూ దిగలేకపోయిరి. నీళ్ళు తోడి బయటికి తీసేసరికి..."

"చాలమ్మా," అన్నాడు వీరేష్.

"బాగు చేసినాయప్ప డోర్లకంతా కొత్త వైర్లు ఏసినా, ఇంగ భయం లేదు అన్నాడు. నమ్మినా. నమ్మకపోతే ఎట్ల అమ్మేది? ఇది మాత్రం మీ నాయనకు చెప్పలేదన్నా. చెప్దామనే ఉంటి. నోటి దాకా వచ్చింది. అప్పుడే ఆయప్ప ఒక మాట అనె."

"ఏమని?"

"మీరు అదృష్టవంతులమ్మా, బండి మునిగేంత వాన సూసినారు, అన్నాడు."

పక్కింట్లో ఎవరో పాత్రలు తోముతున్న చప్పుడు వినబడుతోంది. కొడుకును ముంచిన వానను అదృష్టమని ఒక ముసలాయన ఎదురుగా కూర్చుని మెచ్చుకుంటుంటే, ఆ ఇద్దరు ఆడవాళ్ళు ఏ నోటితో మిగతాది చెబుతారు? వీరేష్‌కు తండ్రి మీద సిగ్గేసింది. ఆ వెంటనే జాలేసింది. ఆయన అన్నదాంట్లో అబద్ధం ఏముంది గనక? ఆయన డెబ్బై ఏళ్ళ బతుకులో అంత వాన ఒక్కసారి కూడా చూడలేదు.

"మారెక్కా," అన్నాడు. "మా నాయన తెలియక అన్నాడు. మనసులో పెట్టుకోవద్దు."

"తెల్సు లేప్పా," అంది మారెక్క. "మా పక్క మనిషే గదా. మేమూ అట్లనే అంటాంటిమి ఒకప్పుడు."

ఈశ్వరి చీర కొంగుతో ముఖం తుడుచుకుని నిటారుగా కూర్చుంది. "బండి తెచ్చి ఈడ నిలబెట్టన్నా," అంది. "నువ్విచ్చింది మొత్తం ఒకేసారి ఇయ్యలేను. కొద్దిగ కొద్దిగ ఇస్తా. దాన్ని మాత్రం ఇంగెవరికీ అమ్మను. పాతినుముకు తునకలు కోయిపిచ్చేస్తా. అప్పుడే కోయిపిచ్చాల్సింది. నాకు బుద్ధి లేకపాయె."

వీరేష్ ఆమెను చూశాడు. ఆమె ఇవ్వగలదో లేదో అతనికి తెలియదు. మిషను, నులక మంచం, ఆ ఇల్లు చూస్తే ఇవ్వలేదనే అనిపిస్తోంది. అయినా ఆ మాటతో గుండెల మీది బరువు కొంచెం కదిలింది. బండి పోతే పోయింది. వాకిట్లోంచి ఆ శని వదిలిపోతే అదే పదివేలు. మళ్ళీ కూలికి పోతాడు, ఎర్రన్న ట్రాక్టరు మీద పోతాడు, ఏదో ఒకటి చేస్తాడు. దాంట్లో ఇంకొకరిని కూర్చోబెట్టి, పొద్దుగూకేదాకా ప్రాణాలు అరచేతిలో పెట్టుకునే పని తప్పుతుంది. రెండు రోజుల నుంచి బిగబట్టుకున్న భుజాలు అప్పటికి దిగాయి. వంగి కింద ఉన్న చెంబు తీసుకుని నీళ్ళన్నీ గటగటా తాగేశాడు.

చెంబు కింద పెడుతుండగా ఫోను మోగింది. మల్లీశ్వరి.

"యాడున్నావయ్యా? ఎన్ని సార్లు చేసినా కలవదే!"

"గార్లదిన్నెలోనే. చెప్పు."

"సుష్మ మాట్లాడిన జీపు రాలే. పెండ్లికి పోయిందంట. బయమ్మత్తకు కాళ్ళు మొగము వాచిపోయినాయి, ఊపిరి ఆడక గసపెడతాండాది. సుష్మ వచ్చి మన వాకిట్లో కూలబడి ఏడుస్తాండె. మామ సూసినాడు. బండి వాకిట్లో పెట్టుకోని ఏంటికి ఏడుస్తావు పాపా అన్నాడు."

వీరేష్ లేచి నిలబడ్డాడు.

"నేను వద్దంటే వద్దని అడ్డం పడినా," అంది మల్లీశ్వరి. "తెరుచుకున్నాయి గదా డోర్లు, ఇంగేమి అంటాడు. తోలేదానికి ఎర్రన్నను పిలిపిచ్చినాడు. తాళం తిప్పంగనే స్టార్ట్ అయింది. బయమ్మత్తను ఎనక పండుకోబెట్టి, మామ ముందర కూచున్నాడు. పోయి సానా సేపాయె."

"పెట్టెయ్," అన్నాడు వీరేష్. "పెట్టెయ్, నాయనకు చేస్తా."

అతని ముఖం చూసి ఈశ్వరి కూడా లేచి నిలబడింది. అవతల ఫోను మోగుతూ మోగుతూ ఉంది. ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. ఈసారి ఎత్తారు.

"ఆ, వీరేసా!" నరసింహులు గొంతు ఖుషీగా ఉంది. ఫోనులో మాట్లాడేటప్పుడు ఎప్పుడూ అరిచినట్టే మాట్లాడతాడాయన. "నువ్వు ఊరికే భయపడి సస్తావు గానీ, బండి బలే పోతాండాది. ఆత్మకూరు దాటినాము. ఏసీ ఏపిచ్చినా, సల్లగా ఉండాది. బయమ్మ గూడా కొంచెం తెరిపిన పడినాది."

"నాయనా, బండి ఆపమని చెప్పు. ఇప్పుడే."

"ఏంటికిరా?"

"చెప్తా. ముందు ఆపమను. ఆపి అందరూ దిగండి. బయమ్మ పెద్దమ్మను దింపండి. నీకు దండం పెడతా నాయనా, ఆపమను."

కొడుకు గొంతులో ఏం వినబడిందో గానీ నరసింహులు మళ్ళీ ఎదురు అడగలేదు. "ఎర్రన్నా, పక్కకు ఆపప్పా, వీడేందో అంటాండాడు," అనడం వినిపించింది. బండి నెమ్మదించి, రాళ్ళ మీదికి దిగిన చప్పుడు వచ్చింది. వీరేష్ ఊపిరి వదిలాడు.

"ఆపినాడురా. ఇంజన్ గూడా ఆగిపాయె." కొంచెం ఆగి అన్నాడు నరసింహులు, "ఏదో కాలిన వాసన వస్తాండాది వీరేసా. గాలి వచ్చేకాడ పొగ మాదిరి..."

"దిగు నాయనా! డోరు తీసుకోని దిగు!"

ఏదో లాగిన చప్పుడు. మళ్ళీ లాగిన చప్పుడు. ఎర్రన్న గొంతు, "ఇట్ల గాదు పెద్దాయనా, నన్ను సూడనీ," అంటోంది. వెనక నుంచి బయమ్మ దగ్గు. ఒకటి, వెంటనే ఇంకొకటి, ఆపకుండా. ఈశ్వరి రెండు చేతులతో నోరు మూసుకుంది.

"రావడం లేదురా," అన్నాడు నరసింహులు. "ఏ పక్క తలుపూ రావడం లేదు."

"అద్దం పగలగొట్టు. నాయనా, చేతికి ఏది దొరికితే దాంతో అద్దం పగలగొట్టు!"

"అద్దమా?" అన్నాడు నరసింహులు. ఆ గొంతులో భయం కంటే బాధే ఎక్కువ ఉంది. "ఉన్న మోటారు అమ్ముకోని తెచ్చుకున్న బండిరా అది. చేతులారా ఎట్ల పగలగొట్టేది?"